ఈ భోజనంలో కోటిరత్నం కలుపబడినది

తిండిలో రుచి మరీ ఎక్కువైపోతోందని ప్రభుత్వం వారికి అనుమానం వచ్చిన ఏడాది, గోదావరి గట్టుకి దగ్గర్లో ఉన్న ఒక పట్నంలో రుచివర్ధక పదార్థాల నియంత్రణ సంచాలక కార్యాలయం వెలిసింది. పట్నం పేరు ఎందుకులెండి, ఆఫీసు పేరు చెప్పేసరికే సగం ఊపిరి అయిపోయింది.

ఆ అనుమానం ఊరికే రాలేదు. అప్పటికి జనానికి టేస్టింగ్ సాల్ట్ భయం పట్టుకుంది. నూడుల్స్ బండి దగ్గర రెండు ప్లేట్లు లాగించి తలనొప్పి అన్నవాడూ, పెళ్లిలో మూడు రకాల బిర్యానీ తిని గుండె దడ అన్నవాడూ, తను తినకుండా పక్కవాడు తింటుంటే చూసి ఒళ్లు దురద అన్నవాడూ, అందరూ కలిసి నేరం ఆ తెల్లపొడి మీదకి తోసేశారు. "నాకు పడదండీ" అనడం ఒక హోదా అయిపోయింది. పడని వస్తువు ఒక్కటైనా లేనివాడు నలుగురిలో చెప్పుకోవడానికి నామోషీ పడేవాడు.

కొత్త ఆఫీసు వచ్చిన నెలకే ఒక ఉత్తర్వు జారీ చేసింది. "ఏ వ్యక్తియైనను తన ఆకలికి మించి భుజించినచో, సదరు ఆహారమునందు రుచివర్ధకము కలిసినట్లు ప్రాథమికముగా భావించవలెను." మరి మనిషి ఆకలి ఎంత? నాలుగు వందల యాభై గ్రాములు. ఆ సంగతి రాజధానిలో ఒక కమిటీ ఆరుసార్లు సమావేశమై, ఆరుసార్లూ సుష్టుగా భోజనం చేసి తేల్చింది.

ఆ ఆఫీసు వెనకాల రేకుల షెడ్డులో క్యాంటీన్ నడుపుతున్న కోటిరత్నానికి ఇవేవీ తెలియవు. ఆ భవనంలో అంతకుముందు విత్తనాల ఆఫీసు ఉండేది. ఆ ఆఫీసు ఎత్తేశారు గానీ క్యాంటీన్ ఎత్తడం మరిచిపోయారు. పదకొండేళ్లుగా మొగుడు అబ్బులు వండుతాడు, కోటిరత్నం వడ్డిస్తుంది. షెడ్డు వెనక గదిలోనే వాళ్ల కాపురం. ఆ పొయ్యి ఆరిపోతే వాళ్లిద్దరికీ ఇంకో పొయ్యి లేదు.

అబ్బులు వంట మంచిదే. టమాటా పప్పు, వంకాయ కూర, మజ్జిగ పులుసు, ఎక్కడా వంక పెట్టడానికి ఉండదు. మాట్లాడడం మాత్రం ఆయనకి బద్ధకం. ఆ లోటు కూడా కోటిరత్నమే తీర్చేది. వడ్డించేటప్పుడు ఆవిడ ఎవరినీ "కావాలా?" అని అడిగి ఎరగదు. అలా అడగడం మనిషిని పొమ్మనడం లాంటిదని ఆవిడ నమ్మకం. ఆవిడ లెక్కలో మొదటి "వద్దు" మర్యాద కోసం, రెండో "వద్దు" మొహమాటం కోసం. మూడోసారి అంటే అప్పుడు ఆలోచించాలి.

"అయ్యో బాబూ, అదేం తిండండీ, పిల్లి ముట్టినట్టు! కాసింత పప్పేసుకోండి. ఆయ్, ఇంకో గరిటె. మీ అమ్మగారైతే ఇలా లేవనిచ్చేవారా?" అంటూ గరిటె పట్టుకుని నిలబడితే, బదిలీ ఆర్డరు చేతిలో పెట్టుకున్నవాడు కూడా ఇంకో ముద్ద కలుపుకునేవాడు.

చిక్కంతా ఆఫీసుకి కొత్త తూకం మిషను రావడంతో మొదలైంది. దాన్ని పరీక్షించి చూడమని సూపరింటెండెంటు కామేశానికి అప్పగించారు. దేన్ని తూచాలో తోచక ఆయన క్యాంటీన్‌కి వచ్చాడు. వడ్డనకి ముందు గిన్నెలు తూచాడు, అయ్యాక తూచాడు, తిన్నవాళ్ల సంఖ్యతో భాగించాడు. మనిషికి ఎనిమిది వందల పన్నెండు గ్రాములు వచ్చింది. మిషను తప్పేమోనని తన చెప్పులు తూచుకున్నాడు. మిషను తప్పు కాదు.

మర్నాడే నోటీసు వచ్చింది. కామేశమే నిలబడి చదివాడు.

"నియంత్రణ కార్యాలయపు సొంత ఆవరణయందే ఆకలికి మించిన భోజనము జరుగుచున్నట్లు వెల్లడైనందున, పది దినములలోగా కారణము విచారించబడును. రుచివర్ధకము ఉన్నట్లు తేలి, అది ఏ ఒక్క వ్యక్తికైనను పడనట్లు రుజువైనచో, క్యాంటీన్ అనుమతి రద్దు చేయబడును."

కోటిరత్నానికి సగం అర్థం కాలేదు. అర్థమైన సగానికే చేతిలో గరిటె కింద పెట్టేసింది.

"అంటే మమ్మల్ని పొమ్మంటారా బాబూ?"

"ఇప్పుడే కాదు. ముందు పద్ధతి ప్రకారం విచారణ, తర్వాత పొమ్మనడం."

విచారణకి రసాయన నిపుణురాలు సులోచన వచ్చింది. ఆ ఆఫీసులో తను చదివిన చదువుకి తగ్గ ఉద్యోగం చేస్తున్న మనిషి ఆవిడ ఒక్కతే. అందుకే ఆవిడ మాట ఎవరూ వినేవారు కాదు. ఆవిడ సీసాలు పట్టుకుని నమూనాలు తీస్తుంటే, కామేశం అబ్బుల్ని ప్రశ్నించాడు.

"రుచి కోసం ఏం కలుపుతావు?"

"ఉప్పండి."

"ఉప్పు ఎందుకు?"

అబ్బులు ఆయన మొహంలోకి చూశాడు. "రుచి కోసమండి."

"నేరం ఒప్పుకున్నాడు," అని రాసుకున్నాడు కామేశం.

రెండు రోజుల్లో సులోచన రిపోర్టు ఇచ్చింది. తెల్లపొడి బయట నుంచి ఎవరూ కలపలేదు. అందులో ఉండే గుణమే టమాటాలో పుట్టుకతో కాస్త ఉంటుంది, అది అందరి ఇళ్లలోనూ ఉండేదే.

రిపోర్టు సంచాలకులు నీలాద్రి గారి ముందుకు వెళ్లింది. ఆయన పై అంతస్తులో గాజు తలుపుల గదిలో ఉంటారు. కుటుంబం ఎక్కడో ఉంది, ఆయన గెస్ట్‌హౌస్‌లో ఉంటారు. రెండేళ్లుగా మధ్యాహ్నం భోజనం గెస్ట్‌హౌస్ నుంచే మూతపెట్టిన పళ్లెంలో పైకి వెళ్తుంది. కచ్చితంగా నాలుగు వందల యాభై గ్రాములు. ఆయన క్యాంటీన్ మెట్టు ఎక్కి ఎరగరు.

"అనుమతి లేకుండా ప్రకృతే టమాటాలో కలిపినదన్నమాట," అన్నారు ఆయన గంభీరంగా.

"తల్లిపాలలో కూడా ఉంటుంది సార్," అంది సులోచన.

నీలాద్రి గారు కలం ఆపారు. "ఆ సంగతి ఫైలులో చేర్చవద్దు. తల్లీపిల్లలది వేరే శాఖ."

అప్పుడు ఆయన ఒక శాస్త్రీయ పద్ధతి ఆలోచించారు. రోజుకి ఒక వస్తువు చొప్పున వంటలోంచి తీసేస్తూ పోవాలి. ఏ వస్తువు తీసేసిన రోజు తూకం పడిపోతుందో, అదే దోషి.

మొదటి రోజు ఇంగువ, పోపు తీసేశారు. అబ్బులు పోపు లేని పప్పుని చూసి, పరాయివాడి బిడ్డని చూసినట్టు మొహం తిప్పుకున్నాడు. కోటిరత్నానికి మాత్రం సిగ్గుతో ప్రాణం చచ్చిపోయింది. ఇలాంటి కూడు మనుషులకి ఎలా పెట్టడం? అందుకని ఆ రోజు ఇంకాస్త గట్టిగా బతిమాలింది.

"బాబూ, పోపు లేదని మొహం మాడ్చుకోకండి. ఈ పూటకి నా మొహం చూసి తినండి. ఆయ్, ఈ ఒక్క గరిటె. నా మీద ఒట్టే!"

తూకం ఎనిమిది వందల ఇరవై.

రెండో రోజు చింతపండు, టమాటా, కారం పోయాయి. ఎనిమిది వందల ముప్పై ఆరు. మూడో రోజు ఉప్పు కూడా తీసేసి, ఉడకబెట్టిన ఆనపకాయ, అన్నం పెట్టారు. ఆనపకాయ తెల్లగా, నిస్సహాయంగా పళ్లెంలో పడి ఉంది. కోటిరత్నం కళ్లనీళ్లు పెట్టుకుని ప్రతి బల్ల దగ్గరా రెండుసార్లు తిరిగింది. అకౌంట్స్ సెక్షన్ మొత్తం మూడోసారి వడ్డించుకుంది. ఎనిమిది వందల తొంభై.

కామేశం తల పట్టుకున్నాడు. ఉప్పులేని ఆనపకాయ ప్రపంచంలోకెల్లా ప్రమాదకరమైన రుచివర్ధకం అని ఒక ముసాయిదా కూడా తయారుచేశాడు. టైపు చేయించబోతుంటే సులోచన అడ్డుపడింది.

"సార్, మనం అన్నీ తీసేశాం. తీయనిది ఒక్కటే ఉంది."

"ఏమిటది?"

"వడ్డించే మనిషి."

నాలుగో రోజు కోటిరత్నాన్ని షెడ్డు బయట స్టూలు మీద కూర్చోబెట్టారు. లోపల అబ్బులు మూడు రోజుల కసి తీర్చుకుంటూ ఇంగువ పోపుతో పప్పు, గుత్తివంకాయ, అల్లం పచ్చడి చేశాడు. వడ్డన కామేశం చేశాడు. గరిటె పట్టుకుని ఒక్కొక్కడి ముందూ ఆగి, "కావాలా? వద్దా? వద్దంటే ఇక్కడ సంతకం పెట్టు," అన్నాడు.

తూకం మూడు వందల పది.

అబ్బులు కొంగలా మెడ చాచి మిషనులో అంకె చూసి, తలపాగా విప్పి భుజాన వేసుకున్నాడు.

"అంటే నా వంటకి వచ్చేది మూడొందల పదేనన్నమాట," అన్నాడు. "మిగతాదంతా నీ నోరు."

"అదేంటండీ, అలాగంటారు..." అంది కోటిరత్నం గుమ్మంలోంచి. ఆయన అప్పటికే వెనక గదిలోకి వెళ్లిపోయాడు. మామూలుగానే మాట్లాడని మనిషి, ఆ రోజు నుంచి పట్టుదలగా మాట్లాడడం మానేశాడు. తేడా కనిపెట్టడానికి కోటిరత్నానికి ఒక పూట పట్టింది.

విచారణ సంఘం మర్నాడు కూర్చుంది. కోటిరత్నాన్ని మధ్యలో నిలబెట్టారు. నీలాద్రి గారు నిర్వచనం చదివారు.

"రుచివర్ధకమనగా, స్వయముగా ఆహారము కానిది. పోషక విలువ లేనిది. స్వల్ప మోతాదులో చేర్చినంతనే ఆహార సేవనమును పెంచునది. కామేశం గారూ, సరిచూడండి."

కామేశం కోటిరత్నాన్ని పైనుంచి కిందకి చూశాడు. "ఆహారము కాదు సార్. పోషక విలువ లేదు సార్. సేవనము రెట్టింపు కంటే ఎక్కువ సార్. మూడూ సరిపోయాయి."

"అయితే ఈమె రుచివర్ధకమే. మౌఖిక తరగతి."

కోటిరత్నం బిక్కమొహం వేసింది. "నాలో అలాంటిదేం లేదండి బాబుగారూ. కావాలంటే చూసుకోండి."

"ఉన్నదో లేదో పదార్థమునకు తెలియదు," అన్నారు నీలాద్రి గారు. "శాస్త్రమునకు తెలియును."

ఆ సాయంత్రమే నిబంధనలు వచ్చాయి. షెడ్డు గుమ్మానికి పసుపుపచ్చ బోర్డు వేలాడింది: "ఈ భోజనంలో కోటిరత్నం కలుపబడినది. పడనివారు దూరముగా కూర్చొనవలెను." దాని కిందే మోతాదు కూడా రాశారు. మనిషికి ఒక్క పూటకి ఒక్క వాక్యం. "ఇంకొంచెం" అనే మాట ఒకసారి చెల్లుతుంది. అమ్మగారి ప్రస్తావన గర్భిణులకి, బదిలీ మీద వచ్చినవారికి చేయరాదు. "నా మీద ఒట్టే" అనేది పూర్తిగా నిషేధం.

పడనివారి కోసం గోడవైపు ఒక వరుస వేరుగా వేశారు. అందులో ఎవరూ కూర్చోలేదు. బోర్డు వార్త పట్నంలో పాకి, పక్కన ఉన్న బ్యాంకు నుంచీ, రిజిస్ట్రార్ ఆఫీసు నుంచీ జనం వచ్చి వరుస కట్టారు. "ఏదమ్మా, మాకూ కాసింత కలుపు," అని నవ్వుతూ పళ్లేలు చాచారు. రిటైరైన ఒక తహసీల్దారు, ఇంట్లో కోడలికి కూడా ఒక డోసు పంపించే వీలుందా అని వాకబు చేశాడు.

ఇక మిగిలింది ఆఖరి పరీక్ష. ఈ పదార్థం ఎవరికైనా పడదా? ఒక్కరికి పడకపోయినా క్యాంటీన్ మూసేయాలి. పదో రోజు దాకా వచ్చేసింది, పరీక్షకి మనిషి దొరకలేదు. ఆఫీసులో అందరూ ఏళ్ల తరబడి కోటిరత్నానికి అలవాటుపడినవాళ్లే.

"ఇంతవరకు ఈ పదార్థము సోకని వ్యక్తి ఈ కార్యాలయంలో తమరొక్కరే సార్," అన్నాడు కామేశం.

నీలాద్రి గారు కాసేపు ఆలోచించి, ఉద్యోగధర్మం కొద్దీ కోటు గుండీలు పెట్టుకున్నారు.

ఆ పొద్దున అబ్బులు మూడు రోజుల తర్వాత నోరు విప్పాడు. గోడకేసి చూస్తూ చెప్పాడు. "నోరు మూసుకుని వడ్డించు. నువ్వేం అనకపోతే ఆయనకేం అవ్వదు. ఏం అవ్వకపోతే మన పొయ్యి ఉంటుంది."

కోటిరత్నం తలూపింది. అంత సులువైన పని. నోరు మెదపకుండా ఉంటే చాలు.

ఒంటిగంటకి నీలాద్రి గారు మెట్టెక్కారు. సులోచన ఆయన చేతికి రక్తపోటు పట్టీ చుట్టింది. కామేశం లక్షణాల ఫారం పట్టుకుని పక్కన నిలబడ్డాడు. తలుపు దగ్గర ఆఫీసంతా మూగింది. కోటిరత్నం పెదాలు బిగించి, నాలుగు వందల యాభై గ్రాములు తూచి వడ్డించింది.

ఆయన తింటుంటే చూసింది. ఫైలు చదివే అలవాటు కాబోలు, కళ్లు పళ్లెం పక్కన ఏదో వెతుక్కుంటున్నాయి. పప్పు కలపకుండానే సగం అన్నం తినేశారు. రెండేళ్లుగా ఒంటరిగా తిన్న మనిషి తిండి అది, రుచి తెలియకుండా తొందరగా అయిపోవాలనే తిండి. చొక్కా మెడ దగ్గర వదులైపోయింది. బెల్టుకి చేత్తో పొడుచుకున్న కొత్త కన్నం ఉంది. పళ్లెం ఖాళీ అయ్యాక ఆయన పప్పు అంటిన అంచుని వేలితో ఒకసారి గీసి, అది తప్పని గుర్తొచ్చినట్టు వేలు ముడుచుకున్నారు.

"చాలు," అన్నారు.

అది మొదటి "వద్దు". మర్యాద కోసం.

కోటిరత్నం అబ్బులు వైపు చూసింది. అబ్బులు కళ్లతోనే వద్దన్నాడు. పొయ్యి గుర్తొచ్చింది, గది గుర్తొచ్చింది. గరిటె పట్టుకున్న చెయ్యి మాత్రం వాటి మాట వినలేదు.

"అదేం తిండి బాబూ! మొహం చూడండి ఎలా పీక్కుపోయిందో. పొద్దున్న కూడా ఏం తిన్నట్టు లేరు. ఒక్క ముద్ద పప్పన్నం కలుపుకోండి, నెయ్యేస్తాను. ఎవరూ చూడరు, నేను అడ్డంగా నిలబడతాను. నా మీద ఒట్టే!"

"సార్! ఆరు డోసులు!" అని కేకేశాడు కామేశం. "అందులో ఒకటి నిషిద్ధం!"

ముందు నీలాద్రి గారి గొంతులో ఏదో అడ్డుపడినట్టు కదిలింది. తర్వాత కళ్లలో నీళ్లు తిరిగాయి. సులోచన పట్టీ కేసి చూసి, "గుండె వేగం పెరిగింది సార్," అని మెల్లగా చెప్పింది. రెండు నిమిషాలు ఆయనకి మాట రాలేదు. ఆ తర్వాత పళ్లెం ముందుకి జరిపారు. ఆ పళ్లెం మూడుసార్లు నిండింది.

కామేశం ఫారం నింపేశాడు. కళ్ల వెంట నీరు, గొంతు పట్టివేత, గుండె దడ, మాట పడిపోవుట. "రుజువైంది సార్. తమకి పడదు. క్యాంటీన్ రద్దుకి నోటు పెట్టమంటారా?"

కోటిరత్నం గోడకి చేరబడి కూలబడిపోయింది. పదకొండేళ్ల పొయ్యిని ఒక్క గరిటె పప్పుకి ఆర్పేసుకుంది. తిట్టుకుందామనుకుంది గానీ తిట్టుకోవాలనిపించలేదు. ఆ బాబు కడుపునిండా తిన్నాడు, అంతే చాలనిపించింది. అలా అనిపించినందుకు మళ్లీ ఏడుపొచ్చింది.

నీలాద్రి గారు చెయ్యి కడుక్కుని, ఫైలు తెప్పించుకుని అక్కడే బల్ల మీద స్వయంగా రాశారు. రాసింది గొంతు సవరించుకుని చదివారు.

"సదరు పదార్థము పరీక్షార్థికి పడలేదనుట వాస్తవము. అయితే, పడని పదార్థమును రోగికి దినదినము స్వల్పముగా ఇచ్చుచు అలవాటు చేయు వైద్య పద్ధతి ఒకటి కలదని విన్నాము. కలదా, సులోచన గారూ?"

"కొన్నిటికి ఉంది సార్," అంది సులోచన, నవ్వు ఆపుకుంటూ.

"కలదు. కావున సంచాలకులు ప్రతిదినము మధ్యాహ్నము ఒంటిగంటకు క్యాంటీన్ పంక్తియందు కూర్చుని ఈ చికిత్స పొందవలెను. చికిత్స ముగియువరకు పదార్థమును గాని, పదార్థము భర్తను గాని, పొయ్యిని గాని ఆవరణ నుండి తొలగించరాదు. చికిత్సా కాలము, పదవీ విరమణ వరకు."

"తర్వాత వచ్చే సంచాలకుల మాటేమిటి సార్?" అన్నాడు కామేశం.

"వారిని కూడా పరీక్షించవలెను."

జనం వెళ్లిపోయాక ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. ఎప్పుడూ అంతే, అందరిదీ అయ్యాక గిన్నెల్లో మిగిలింది చెరో పక్కన కూర్చుని తింటారు. కోటిరత్నం అడుగున ఉన్న పప్పు అబ్బులుకి వేసి, తను రెండు ముద్దల అన్నంలో మజ్జిగ పోసుకుంది.

అబ్బులు ఆ పళ్లెం కేసి చూశాడు. పదకొండేళ్లుగా అదే పళ్లెం, అదే రెండు ముద్దలు. ఆయన ఇప్పుడే చూశాడు.

"అదేం తిండే?" అన్నాడు.

కోటిరత్నం తలెత్తింది.

"ఇదిగో, నా పప్పులోది ఏసుకో."

"వద్దండి."

"ఏసుకోవే. పొద్దుటినుంచి నువ్వేం తిన్నావు గనక."

"చాలండి, వద్దు."

అది రెండోది. అబ్బులు పళ్లెం ఇంకాస్త దగ్గరకి తోశాడు. మాటలు అలవాటు లేని మనిషి, ఎక్కడ వెతుక్కున్నాడో గానీ, "నా మీద ఒట్టే," అన్నాడు.

"ఆ మాట అనకూడదండి. బోర్డు మీద రాశారు."

"బోర్డు అటు తిరిగి ఉంది. దానికి వినపడదు."

కోటిరత్నం పప్పు కలుపుకుంది. కలుపుతూ, "ఈ పప్పు ఎవరు చేసినా ఇలా రాదండి," అంది. అబ్బులు నవ్వలేదు గానీ, గిన్నె వంచి అంచున మిగిలింది కూడా గీకి ఆవిడ పళ్లెంలో వేశాడు.

తూకం మిషను ఆ మూల బల్ల మీదే ఉంది. దాని మీద అబ్బులు గిన్నెలు తుడిచిన తడిగుడ్డ ఆరేశాడు.